మూడింట్లో రెండు

జూలై 7, సోమవారం

కిట్ డబ్బా మీద పదిహేను నిమిషాలు అని ఎర్రక్షరాలతో రాసి ఉంది. చదువు రానివాళ్ళ కోసం పక్కన గడియారం బొమ్మ కూడా వేశారు. మా డయాలసిస్ సెంటర్‌లో మాత్రం ఐదు నిమిషాలకే చదివేస్తున్నారు. ఏడున్నరకల్లా మొదటి షిఫ్ట్ వాళ్ళు మెషిన్ ఎక్కాలట. అందుకని వైరస్ కూడా గబగబా తెమలాలి.

కోవిడ్ మళ్ళీ లేచింది. మా హాల్లో పన్నెండు బెడ్లు, మధ్యలో ఒక్క గోడ లేదు. అందరూ కిడ్నీలు పోయినవాళ్ళే. నాలుగేసి గంటలు ఒకే గాలి పీలుస్తూ పడుకుంటారు. అందుకని లోపలికి వెళ్ళేముందు కారిడార్‌లోనే ప్రతి ఒక్కరికీ ముక్కులో పుల్ల పెట్టి రాపిడ్ టెస్ట్ చెయ్యాలి. ఒక గీత వస్తే లోపలికి, రెండు గీతలు వస్తే బయటికి. దానికో స్టీల్ బల్ల, ఒక రిజిస్టరు, ఇద్దరు మనుషులు. ఆ ఇద్దరిలో ఒకదాన్ని నేను, సీనియర్ టెక్నీషియన్ని.

రెండో మనిషి మా జూనియర్ నర్సు. పేషెంట్లు ముద్దుగా వెన్నచెయ్యి అంటారు. పుల్లని ముక్కు గుమ్మం దాకా తీసుకెళ్ళి, ఒకసారి పలకరించి, వెనక్కి తీసేస్తుంది. నేను లోపలిదాకా పెట్టి, ఐదుసార్లు తిప్పి, అవతలి వైపు కూడా అంతే చేసి తీస్తాను. నన్ను గునపం అంటారట. ఈ మాట అక్క చెప్పింది, పొట్ట పట్టుకుని నవ్వుతూ.

అక్క కూడా ఇక్కడి పేషెంటే. సోమ, బుధ, శుక్ర, మొదటి షిఫ్ట్, మూడో బెడ్. బావ పోయి ఏడేళ్ళైంది. మేమిద్దరమే ఉంటాం. నేను పనిచేసే చోటైతే కళ్ళెదుట ఉంటుందని నేనే ఇక్కడ చేర్పించాను.

ఇవాళ ఒక కిట్‌లో కంట్రోల్ గీత కూడా ఇంకా పైకి రాలేదు. అంటే టెస్టే అవలేదు. అయినా మా మేనేజరు నెగెటివ్ అని రాసెయ్యమన్నాడు. ఈయన రోజుకో సర్క్యులర్ వాట్సాప్‌లో పెడతాడు కాబట్టి మేమంతా ఆయన్ని సర్క్యులర్ అనే పిలుచుకుంటాం. నేను రాయలేదు. నా చేతిలో పెన్ను లాక్కుని ఆయనే రాశాడు. ఆ పెన్ను మళ్ళీ ముట్టుకోబుద్ధి కాలేదు.

జూలై 8, మంగళవారం

సర్క్యులర్‌కి జలుబు చేసింది. టెస్ట్ చేసుకోలేదు.

జూలై 9, బుధవారం

ఒళ్ళు మండిపోతోంది, కాస్త చల్లారాక రాద్దామనుకున్నాను. చల్లారలేదు.

పొద్దున్న బేకరీ ఆవిడకి రెండు గీతలు వచ్చాయి. తొమ్మిదో బెడ్ ఆవిడది. జ్వరం లేదు, దగ్గు లేదు. రెండో గీత లేతగా ఉంది. లేతదైనా గీత గీతే. కిట్ కాగితంలో ఆ మాట రెండుచోట్ల రాశారు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని బతిమాలింది. ఎందుకు బతిమాలిందో నాకు తెలుసు. మా దగ్గర పాజిటివ్ వాళ్ళకని విడిగా ఉన్న ఒక్క మెషినూ పాడై మూల పడి ఉంది. పాజిటివ్ వస్తే పెద్దాసుపత్రికి పంపాలి. అక్కడ వంతు రావడానికి రెండు రోజులు. వంతు తప్పాక ఇంకో రెండు రోజులు డయాలసిస్ లేకపోతే ఒంట్లో నీళ్ళు చేరి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వైరస్ కంటే ముందు ఆ నీళ్ళే చంపుతాయి.

ఈలోగా సర్క్యులర్ వచ్చాడు. ఇంకో రెండు కిట్లు తెరవమన్నాడు. వెన్నచెయ్యి చేసింది. రెండూ ఒక గీతే. సర్క్యులర్ వేళ్ళు విప్పి లెక్క చూపించాడు. మూడింట్లో రెండు నెగెటివ్, ఒకటి పాజిటివ్, కాబట్టి మెజారిటీ నెగెటివ్. ఆవిణ్ణి లోపలికి పంపెయ్యమన్నాడు. ఎలక్షన్ జరిపించాడన్నమాట.

నేను ఊరుకోలేదు. ఈ కిట్టు ఉందంటే దాదాపు ఎప్పుడూ ఉన్నట్టే, లేదంటే మాత్రం నమ్మడానికి లేదని చెప్పాను. జబ్బు ఉండి లక్షణాలు లేనివాళ్ళు వందమంది వస్తే ఇది పట్టుకునేది యాభై, అరవై మందిని. మిగతావాళ్ళకి నువ్వు బావున్నావు వెళ్ళమ్మా అని చెప్తుంది. అలాంటిదానికి రెండు ఓట్లు వేయించి, నిజం చెప్పినదాన్ని ఓడించడమేమిటని అడిగాను. ఆయన నా వైపు జాలిగా చూసి, అన్నీ నెగెటివ్‌గా ఆలోచించడం నాకు అలవాటైపోయిందన్నాడు.

సాయంత్రం వాట్సాప్‌లో సర్క్యులర్ వచ్చింది. 'సందేహాస్పద పాజిటివ్‌ల పరిష్కార విధానం'. కింద అందరూ బొటనవేలు బొమ్మలు పెట్టారు. పెద్ద డాక్టరు కూడా పెట్టారు. ఆయన వారానికి రెండుసార్లు వస్తారు, చదివి పెట్టారనుకోను.

జూలై 11, శుక్రవారం

బేకరీ ఆవిడకి నిన్న జ్వరం. పీసీఆర్ చేయిస్తే పాజిటివ్. ఇక్కణ్ణించి వెళ్ళాకే తగులుకుని ఉంటుందని సర్క్యులర్ తేల్చేశాడు. చేతులు దులుపుకున్నాడు, శానిటైజర్ కూడా రాసుకున్నాడు. హాల్లో ఇంకెవరికీ రాలేదు. అదృష్టం అనాలి. దాన్ని కూడా ఆయన తన విధానం ఖాతాలో వేసుకున్నాడు.

అక్క పక్కన నాలుగో బెడ్‌లో గొడుగులు బాగుచేసే పెద్దాయన ఉంటారు. చేతులు ఖాళీగా ఉంచలేరు. సూదులు లేని చేత్తో ఏదో ఒక గొడుగు ఊచ వంకర తీస్తూ ఉంటారు. సూదులు పెడుతుంటే నన్నడిగారు, ఈ గొడవంతా దేని గురించని. చెప్పాను. పూర్తిగా విన్నారు. మా సెంటర్‌లో పూర్తిగా వినే మనిషి ఆయనొక్కరే.

"తడిసినవాడు వాన పడుతోందంటే నమ్మొచ్చమ్మా. తడవనివాడు వాన లేదంటే ఎలా నమ్మడం? వాడు ఏ చూరు కింద ఉన్నాడో" అన్నారు.

ఎంబీఏ చదివిన మా సర్క్యులర్‌కి ఇది బుర్రకెక్కలేదు. అక్క పక్కబెడ్ నుంచి, మా చెల్లెలికి శిష్యుడు దొరికాడని ఆట పట్టించింది.

జూలై 14, సోమవారం

వారంలో వెన్నచెయ్యి చేసిన టెస్టులు నలభై ఒకటి. పాజిటివ్‌లు సున్నా. రిజిస్టర్ ముందు పెట్టి అడిగాను. నీళ్ళు నమిలింది. నా ముక్కులోనే పెట్టమని కూర్చున్నాను. ఎంత లోపలికి పోవాలో, ఎక్కడ ఆగుతుందో, కళ్ళలో నీళ్ళు వస్తే తప్ప సరిగ్గా చేసినట్టు కాదని చూపించాను. నీకు మంచిపేరు కావాలా, మనుషులు బతకాలా అన్నాను. ఏడ్చింది. పాతికేళ్ళు కూడా లేవు ఆ పిల్లకి. నోరు పారేసుకున్నాను. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

పెద్ద డాక్టరుకి ఉత్తరం రాశాను. లేత గీత వచ్చినా పాజిటివ్ అనే తీసుకోవాలని, ఒక గీతే వచ్చినా దగ్గు ఉంటే పీసీఆర్ చెయ్యాలని, మూడు కిట్ల పద్ధతి తప్పని. ముగ్గురు చదివితే ముగ్గురికీ అర్థమయ్యేలా రాశాను. జవాబు వచ్చింది. 'నోటెడ్.'

జూలై 16, బుధవారం

ఇవాళ ఎనిమిదో బెడ్ ఆయనకి రెండు గీతలు. సర్క్యులర్ వచ్చేలోపు మిగిలిన కిట్ల డబ్బా తీసుకెళ్ళి నా లాకర్‌లో పెట్టి తాళం వేశాను. ఓట్లు వెయ్యడానికి ఇంకెవరూ లేరు. పెద్దాసుపత్రికి కాగితం రాసి ఇచ్చాను. ఆయన భార్య కారిడార్ అంతా వినపడేలా తిట్టింది. నీ ఇంట్లోవాళ్ళకైతే ఇలాగే చేస్తావా అంది. ఇలాగే చేస్తానన్నాను.

ఎంత గర్వంగా అన్నానో. రాసుకోవాలి, రేపు మరిచిపోతే.

జూలై 17, గురువారం

ఎనిమిదో బెడ్ ఆయన పెద్దాసుపత్రి ఐసీయూలో ఉన్నారట. ఇంకా వంతు రాలేదు.

సాయంత్రం అక్క స్కూలు యూనిఫారాలు కుడుతూ కూర్చుంది. రోజుకి నాలుగైతే నాలుగే కుడుతుంది గానీ ఒక్క కుట్టు వంకర పోనివ్వదు. పాదాలు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. ఎన్ని నీళ్ళు తాగావే అని అడిగితే ఐసు ముక్కలు చప్పరించానంది, అవి లెక్కలోకి రావట గదా అంది. తిట్టాను. నువ్వు ఇంటికొచ్చాక కూడా గునపమేనా అంది.

నిరుడు ఒకసారి కరెంటు పోయి అక్కకి ఒక్క డయాలసిస్ తప్పింది. ఒక్కటే. తెల్లారేసరికి మంచం మీద కూర్చుని నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటోంది. పెదాలు నల్లబడ్డాయి. ఆంబులెన్స్‌లో నా మణికట్టు పట్టుకున్న చోట వారం రోజులు కమిలి ఉంది. ఆ తర్వాత నాకు ఒకటే భయం. ఇంకో భయం లేదు.

జూలై 18, శుక్రవారం. ఉదయం 6:50

అక్క తెల్లవారుజాము నుంచి దగ్గుతోంది. బస్సులో కూడా దగ్గింది. నీళ్ళెక్కువై ఉంటుంది.

7:14

రెండో గీత ఉంది.

లేతగా ఉంది. ఉంది.

మధ్యాహ్నం 1:30, స్టోర్ రూమ్‌లో

అంతా రాస్తాను. ఇక్కడైనా రాయాలి.

కిట్టు మీద అరచెయ్యి కప్పాను. అదే మొదట చేసిన పని. ఆలోచించి చెయ్యలేదు, చెయ్యే వెళ్ళింది. కారిడార్ బెంచీ మీద అక్క, గొడుగుల పెద్దాయన పక్కపక్కన కూర్చున్నారు. ఆయన ఒక పిల్లల గొడుగు తెరిచి మూసి చూపిస్తుంటే ఈవిడ బట్ట కుట్టు ఎలా ఉండాలో చెబుతోంది. మధ్యలో దగ్గుతోంది. వెన్నచెయ్యి అవతలి చివర ఉంది. సర్క్యులర్ ఇంకా రాలేదు. నన్నెవరూ చూడటం లేదు.

పొద్దున్న వెయిట్ చూస్తే మూడున్నర కిలోలు ఎక్కువ, అంతా నీళ్ళే. పెద్దాసుపత్రికి ఫోన్ చేశాను. ఆదివారం దాకా ఖాళీ లేదన్నారు. ఆదివారం దాకా అక్క ఉండదు. అలా అనుకున్నాను. ఉంటుందేమో కూడా. ఆ 'ఏమో' మీద అక్కని పెట్టలేకపోయాను.

రెండో కిట్ తెరిచాను. సర్క్యులర్ చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. నేనే తెరిచాను.

టెస్ట్ చెడ్డగా చెయ్యడం ఎలాగో నాకు తెలిసినంత బాగా ఈ సెంటర్‌లో ఎవరికీ తెలీదు. వెన్నచెయ్యి తెలియక చేస్తుంది. నేను తెలిసి చేశాను. పుల్లని గుమ్మంలోనే ఆపాను. తిప్పలేదు. ట్యూబులో ఒకసారి ముంచి తీసేశాను, పిండలేదు. మూడు చుక్కలు వెయ్యాల్సిన చోట రెండు వేశాను. ఐదు నిమిషాలకి చదివాను. ఒక గీత. మూడోది కూడా అంతే. ఒక గీత.

మూడు కిట్లెందుకే అని అక్క అడిగింది. మొదటిది పాడైపోయిందన్నాను.

"ఇవాళ అసలు తెలియనే లేదే. నీ చెయ్యి మంచిదైంది" అంది.

రిజిస్టర్‌లో రాశాను. ఒకటి లేతగా, రెండు నెగెటివ్, మూడు నెగెటివ్. ఫలితం నెగెటివ్. సంతకం పెట్టాను. అక్క మూడో బెడ్ ఎక్కింది. పెద్దాయన నాలుగో బెడ్ ఎక్కారు. రెండు మంచాల మధ్య ఎంత దూరమో ఎప్పుడూ కొలవలేదు. ఇవాళ కొలిచాను. నా అడుగులు మూడు.

మాస్కు సరిగ్గా పెట్టుకోమని అక్కకి నాలుగుసార్లు చెప్పాను. నాలుగుసార్లూ ఊపిరాడట్లేదని కిందికి లాగింది. ఐదోసారి చెబితే అనుమానం వస్తుందని ఊరుకున్నాను.

టీ కూడా తాగకుండా పారబోశాను.

జూలై 19, శనివారం

అక్కకి జ్వరం లేదు. పాదాల వాపు తగ్గింది. హాయిగా నిద్రపోయింది. నేను టెస్ట్ చేసుకున్నాను, సరిగ్గా, కళ్ళలో నీళ్ళు వచ్చేలా. ఒక గీత. దాన్ని నేనెలా నమ్మాలి?

జూలై 21, సోమవారం

ఇవాళ అక్కని వెన్నచెయ్యి లైనులో నిలబెట్టాను.

అంతే. ఇంకేమీ రాయను.

జూలై 23, బుధవారం

గొడుగుల పెద్దాయనకి దగ్గు. రాత్రి నుంచి చలిజ్వరం కూడా అట. నేనే చేశాను, లోపలిదాకా పెట్టి. పదిహేను నిమిషాలు అక్కర్లేకపోయింది. నాలుగో నిమిషానికే రెండు గీతలు, రెండోది మొదటిదానికంటే ముదురుగా. సర్క్యులర్ ఓటింగ్ పెట్టించాడు. మూడుకి మూడూ పాజిటివ్. ఏకగ్రీవం అన్నాడు. జోకేశాననుకున్నాడు.

పెద్దాసుపత్రి కాగితం రాస్తుంటే పెద్దాయన చేతిలో గొడుగు బెంచీ మీద పెట్టి, దీని మీద చీటీ ఉంది, ఎవరిదో రాసుంది, మా అమ్మాయికి ఇవ్వమన్నారు. నా మొహం చూసి, మీరేం చేస్తారమ్మా, వాన ఎక్కడ పడుతుందో ఎవరికి తెలుసు అన్నారు.

నాకు తెలుసు. కాగితం పూర్తిచేసి ఆయన చేతికిచ్చాను.

జూలై 25, శుక్రవారం

పెద్దాయన కూతురికి ఫోన్ చేశాను. లైబ్రరీలో పనిచేస్తుందట, సెలవు పెట్టింది. ఆక్సిజన్ మీద ఉన్నారని, ఇవాళ సాయంత్రానికి మెషిన్ ఇస్తామన్నారని చెప్పింది. మీరే కదా నాన్నగారు చెప్పే టీచరమ్మ అని అడిగింది. ఆయన నన్ను ఇంట్లో అలా అంటారట. థాంక్స్ చెప్పింది.

జూలై 27, ఆదివారం

పొద్దున్న పోయారు.

జూలై 28, సోమవారం

రివ్యూ మీటింగ్. సర్క్యులర్ రిజిస్టర్ తెరిచి అందరి వేపూ తిప్పి చూపించాడు. పద్దెనిమిదో తారీకు పేజీ. నా పేజీ. ఒకటి లేతగా, రెండు నెగెటివ్, మూడు నెగెటివ్, సంతకం. విధానాన్ని మొదట్లో వ్యతిరేకించిన సీనియర్లు కూడా ఇప్పుడు తు.చ. తప్పకుండా పాటిస్తున్నారని, సొంత మనిషి విషయంలో కూడా రూల్ ప్రకారమే నడుచుకున్నారని మెచ్చుకున్నాడు. వెన్నచెయ్యి చప్పట్లు కొట్టింది. పాపం, నా మీద కోపం పోయిందని చూపించుకోవాలనుకుంది. మిగతావాళ్ళు కూడా కొట్టారు.

నాలుగో బెడ్ ఆయనకి బయట ఎక్కడో తగిలిందని మినిట్స్‌లో రాశారు.

చప్పట్లు కొడుతుంటే కూర్చునే ఉన్నాను. లేచి చెప్పొచ్చు. లేవలేదు. సర్క్యులర్‌ని చూస్తే పుట్టే రోత నాకు అలవాటే. ఇవాళ అది నా వైపు తిరిగింది.

మీటింగ్ అయ్యాక పెద్ద డాక్టరు కారిడార్‌లో ఆపారు. మొదటి కిట్‌లో రెండో గీత నిజంగా వచ్చిందా అని మెల్లిగా అడిగారు. వచ్చిందన్నాను. మిగతా రెండూ ఎలా చేశావని అడగలేదు. నా మొహంలోనే చదువుకున్నట్టున్నారు.

"నాకు ఒక్క ఫోన్ చెయ్యాల్సింది. మూడో షిఫ్ట్ అయ్యాక, హాలు ఖాళీ అయ్యాక, ఆవిడొక్కదానికి పెట్టేవాళ్ళం. నేనుండేవాణ్ణి" అన్నారు.

అంతే. రాత్రి తొమ్మిదింటికి, కిటికీలు తెరిచి, ఒక్క బెడ్. పద్నాలుగు గంటలు ఆగితే చాలు. ఇది నాకు తోచలేదు. పదహారేళ్ళ సర్వీసు. బేకరీ ఆవిడ విషయంలోనూ తోచలేదు, ఎనిమిదో బెడ్ ఆయన విషయంలోనూ తోచలేదు. లోపలికా, బయటికా అని కొట్టుకున్నాం గానీ ఆగడం అనేది ఒకటుందని ఒక్కరికీ తట్టలేదు. ఆయనకి తోచింది. నోటెడ్ అని రాసిన రోజున తోచి ఉంటే బావుండేది.

జూలై 29, మంగళవారం

అక్కకి చెప్పాను. యూనిఫారం జేబు కుడుతోంది. మిషన్ ఆపకుండా విన్నది. జేబు పూర్తిచేసి, దారం కొరికి, మడత పెట్టింది.

"నన్నడిగావా?" అంది.

నువ్వు చచ్చిపోతావని భయపడ్డానన్నాను.

"నన్నడిగావా అంటున్నాను. ఆయన నా పక్కన కూర్చుని ఉన్నాడు. నేను దగ్గుతున్నాను. నాకు ఉందని నీకు తెలుసు. నాకు తెలీదు. తెలిస్తే ఆయన పక్కనుంచి లేచేదాన్ని. ఆ మాత్రం చెయ్యగలిగేదాన్ని."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చిన్నప్పుడు నేను తప్పు చేస్తే రెండు తగిలించి అన్నం పెట్టేది. ఇవాళ అన్నం పెట్టింది గానీ కొట్టలేదు.

జూలై 31, గురువారం

ఇంట్లో మాటల్లేవు. మందులు తెచ్చిపెడితే అక్కడ పెట్టు అంటుంది.

ఆగస్టు 2, శనివారం

రెండు పేజీలు రాశాను. మొదటి కిట్, రెండో కిట్, మూడో కిట్. పుల్ల ఎక్కడ ఆపానో, ఎన్ని చుక్కలు వేశానో, అంతా. కింద పేరు, సంతకం. పెద్దాయన బెంచీ మీద వదిలిన గొడుగు కూడా తీసుకుని వాళ్ళ షాపుకి వెళ్ళాను.

షట్టరు సగం ఎత్తి ఉంది. కూతురు కింద కూర్చుని గొడుగులు వేరు చేస్తోంది. బాగైనవి ఒక పక్క, కానివి ఒక పక్క. చీటీల మీద నంబర్లు చూసి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, వచ్చి తీసుకెళ్ళమని చెబుతోంది. కానివాటికి కూడా చెబుతోంది. సారీ అండీ, ఇది అవలేదండీ అని.

కాగితం ఇచ్చాను. నిలబడి చదివింది. రెండుసార్లు చదివింది.

మీ అక్క నుంచే నాన్నకి వచ్చిందా అని అడిగింది. తెలీదన్నాను. మీరు సరిగ్గా చేసి ఉంటే నాన్న ఉండేవారా అంది. చెప్పలేనన్నాను. అక్కడ ఆగాల్సింది. ఆగలేదు. ఈ కిట్లు సగానికి సగం మందిని వదిలేస్తాయని, ఆ రోజు హాల్లో ఒక గీత వచ్చినవాళ్ళు ఇంకో ఏడెనిమిది మంది ఉన్నారని, వాళ్ళలో ఎవరికైనా ఉండి ఉండొచ్చని, ఆయన ప్రతిసారీ బస్సులో వచ్చేవారని, షాపుకి నలుగురూ వస్తారని చెప్పుకుంటూ పోయాను. నిజాలే అన్నీ. నాలుగు వారాలుగా సర్క్యులర్ మొహాన కొట్టిన నిజాలే. ఇప్పుడు వాటినే తెచ్చి తండ్రి పోయిన పిల్ల ముందు నాకు అడ్డంగా పెట్టుకుంటున్నాను. నా గొంతు నాకే వినబడుతోంది. ఛీ అనిపించింది, అయినా నోరు ఆగలేదు.

ఆవిడ అయ్యేదాకా వింది. వినడం తండ్రి పోలికే.

"తెలీదంటున్నారు. ఎప్పటికీ తెలీదు కూడా. మరి ఈ కాగితం నాకెందుకండీ? మీకు తేలికవ్వాలనా?" అంది.

కాగితం మడతపెట్టి నా చేతిలో పెట్టింది. మీ అక్క ఎలా ఉన్నారని అడిగింది. బావుందన్నాను. మంచిదండీ అని, నేను తెచ్చిన గొడుగు తీసుకుని, చీటీ చూసి, కానివాటి పక్కన పెట్టింది.

ఆగస్టు 5, మంగళవారం

అదే కాగితం పెద్ద డాక్టరుకి ఇచ్చాను. ఇంకో కాపీ జిల్లా ఆరోగ్య ఆఫీసుకి పంపుతున్నానని చెప్పాను. పంపాను కూడా. చదివి సొరుగులో పెట్టుకున్నారు. మధ్యాహ్నం వాట్సాప్‌లో సర్క్యులర్ వచ్చింది. కిట్ల స్టాకు తక్కువగా ఉన్నందున ఇకపై ఒక్కొక్కరికి ఒకటే టెస్ట్, పాజిటివ్ వచ్చినవారికి మూడో షిఫ్ట్ తర్వాత విడిగా డయాలసిస్. స్టాకు తక్కువట. తప్పని ఎక్కడా లేదు. అందరూ బొటనవేళ్ళు పెట్టారు.

నన్ను తీసెయ్యలేదు. విచారణ అయ్యేదాకా పనిలోనే ఉండమన్నారు. సూదులు పెట్టే చేతులు తక్కువగా ఉన్నాయట.

ఆగస్టు 8, శుక్రవారం

నాలుగో బెడ్‌కి కొత్త పేషెంట్. టెస్ట్ చేశాను. ఒక గీత. ఏం లేదు కదా అని అడిగాడు. కనబడలేదన్నాను. అర్థంకాక వెన్నచెయ్యి వైపు చూశాడు. అక్క మూడో బెడ్‌లో గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆగస్టు 11, సోమవారం

అక్క సెంటర్ మారింది. రెండు బస్సులు మారాలి. ఒక్కతే వెళ్ళింది. అక్కడ టెస్ట్ చేసేవాళ్ళకి తను ఎవరి అక్కో తెలీదట. అది చాలంది.